పన్నెండు రోజుల పని, మూడేళ్ళ పని

ఫిబ్రవరి మొదటి వారం. పదో తరగతి పిల్లలకు సాయంత్రం స్పెషల్ క్లాసు ముగించి, స్టాఫ్ రూములో సంచులు సర్దుకుంటుంటే ఫోను మోగింది. హోసూరు ప్రాంతంలోని ఒక ప్రైవేటు ఆసుపత్రి నుంచి. రోగులకు ఇచ్చే సూచనల కాగితాలు తమిళంలోనే ఉన్నాయట. కుప్పం వైపు నుంచి వచ్చేవాళ్ళు, మన పల్లెల్లోని పెద్దవాళ్ళు చదవలేకపోతున్నారట. "తెలుగు అయివార్లు మీరే కదా, పన్నెండు రోజుల్లో తెలుగులోకి మార్చి ఇస్తారా?" అని అడిగారు. మొత్తం 34 కాగితాలు, 9,600 మాటలు. మాటకు రూపాయిన్నర. అంటే 14,400 రూపాయలు.

మేము ముగ్గురం. ఒకరిది తెలుగు, ఒకరిది లెక్కలు, ఒకరిది సైన్సు. ముగ్గురికీ నలభై దాటాయి. తెలుగు మీడియంలో చదివి, బీఎడ్ చేసి, అదే మీడియంలో పాఠాలు చెబుతున్నవాళ్ళం. మన చదువును వెతుక్కుంటూ ఒకరు ఫోను చేయడమే మాకు పండుగలా అనిపించింది. మాట్లాడుకోవడానికి ఒక్క పూట గడువు కూడా అడగలేదు. ఫోను పెట్టేలోపే సరే అన్నాం.

సరే అనడంలో తప్పు లేదు. అన్న తీరులో తప్పుంది. ఈ పేజీ చదివే ఉపాధ్యాయులకు ఇలాంటి ఫోను నేడో రేపో వస్తుంది. బళ్ళారిలో రావచ్చు, బరంపురంలో రావచ్చు, షోలాపురంలో రావచ్చు. రెండు భాషలు చదవడం, రాయడం బాగా వచ్చినవాళ్ళు ప్రతి సరిహద్దు ఊళ్ళోనూ కావాలి. అందుకే మాకు జరిగింది ఉన్నదున్నట్టు చెబుతున్నాం.

అప్పటికే చేతిలో ఉన్న పని

ఆ ఫోను వచ్చే నాటికే మా చేతిలో ఒక పెద్ద పని ఉంది. మూడేళ్ళుగా ప్రతి శనివారం మధ్యాహ్నం కూర్చుని పిల్లలకు ఒక పదాల పుస్తకం తయారు చేస్తున్నాం. ఆరు నుంచి పది దాకా లెక్కల్లో, సైన్సులో వచ్చే మాటలకు తెలుగు, తమిళం, ఇంగ్లిషు పక్కపక్కన ఉంటాయి. మన పిల్లలు పది దాటి పదకొండులో చేరగానే మాట మారిపోతుంది. ఇక్కడ 'త్వరణం' అని నేర్చుకున్నది అక్కడ 'ముడుక్కం' అవుతుంది. 'కిరణజన్య సంయోగక్రియ' కాస్తా 'ఒళిచ్చేర్క్కై' అవుతుంది. విషయం తెలిసిన పిల్ల కూడా మాట తెలియక బిక్కమొహం వేస్తుంది. మొదటి మూడు నెలలు అలాగే గడిచిపోతాయి. ఆ మూడు నెలల్లోనే కొందరు చదువు మానేస్తారు.

ఒక స్వచ్ఛంద సంస్థ ఈ పుస్తకం అచ్చుకు ముందుకొచ్చింది. మాకు నెలనెలా చిన్న గౌరవ వేతనం కూడా ఇస్తోంది. అనుకున్న 1,500 మాటల్లో ఫిబ్రవరి నాటికి 1,300 పూర్తయ్యాయి. మిగతా 200 ఏప్రిల్ ఆఖరుకు ముగించి, జూన్‌లో బడి తెరిచేనాటికి పిల్లల చేతుల్లో పెడతామని మాట ఇచ్చాం.

ఇంకొకటి చెప్పనక్కర్లేదు. ఫిబ్రవరి అంటే పదో తరగతి వాళ్ళకు రివిజన్ కాలం.

లెక్క ఎక్కడ తప్పింది

ముగ్గురికి పంచితే తలా 3,200 మాటలు. రోజుకు 267. గంటకు 300 మాటలు రాయగలం కాబట్టి, రోజుకు ఒక్క గంట చాలు కదా అనుకున్నాం. కాగితం మీద లెక్క కుదిరింది.

ఆ లెక్కలో ఉన్నది మొదటి ప్రతి రాయడం ఒక్కటే. ముగ్గురం మూడు రకాలుగా రాసిన మాటలను ఒక్క తీరుకు తేవడం లేదు. ఒకరు రాసింది ఇంకొకరు మూలంతో పోల్చి చూడడం లేదు. అచ్చుకు వెళ్ళాక వచ్చే ప్రూఫులు లేవు. ఇవన్నీ కలిసి రాసినంత సమయమే మళ్ళీ పట్టాయి. చివరికి తలా 22 గంటలు, ముగ్గురికీ కలిపి 66 గంటలు తేలింది. 14,400ను 66తో భాగిస్తే గంటకు సుమారు 218 రూపాయలు. తక్కువని అనడం లేదు. పని ఒప్పుకునే ముందు ఈ సంఖ్య తెలిసి ఉండాల్సింది అంటున్నాం.

పన్నెండు రోజుల పని పద్దెనిమిది రోజులైంది. మూడు శనివారాలు పదాల పుస్తకం తెరవలేదు. మూడు వారాలే కదా, సర్దుకోవచ్చు అనుకున్నాం. ఆ తరువాత మార్చి వచ్చింది, పరీక్షల డ్యూటీ. ఏప్రిల్ వచ్చింది, పేపర్లు దిద్దడం. మేలో కూర్చుని ముగించేసరికి ప్రెస్సులో మాకు ఇచ్చిన వరస దాటిపోయింది. పుస్తకం ఆగస్టులో గానీ రాలేదు. మూడు వారాల విరామం రెండు నెలల ఆలస్యమైంది. జూన్‌లో పదకొండులో చేరిన పిల్లలు, ఏ నెలల కోసమైతే ఆ పుస్తకం తలపెట్టామో ఆ నెలలను పుస్తకం లేకుండానే గడిపారు.

సంస్థ వాళ్ళకు ఏప్రిల్ దాకా ఈ సంగతి చెప్పలేదు. మొహం చెల్లలేదు. చెప్పినప్పుడు వాళ్ళు కోప్పడలేదు. "ఫిబ్రవరిలోనే చెప్పి ఉంటే ప్రెస్సు వరస మార్చుకునేవాళ్ళం కదా" అన్నారు. ఆ ఒక్క మాటకు మా దగ్గర జవాబు లేదు.

ఇంకొకటి ఇంతకంటే బాధపెట్టింది. ఆ పద్దెనిమిది రోజుల్లో ఒక వారం పాటు 31 రివిజన్ నోటు పుస్తకాలు దిద్దకుండా ఉండిపోయాయి. అందులో ఒక అమ్మాయి హ్రస్వదృష్టికి కుంభాకార కటకం, దూరదృష్టికి పుటాకార కటకం అని తారుమారు చేసి రాసుకుంది. దిద్దకుండా తిరిగి వచ్చిన పుస్తకంలో ఉన్నది సరైనదే అనుకుని అదే బట్టీ పట్టింది. ప్రాక్టీసు పరీక్షలో మూడు చోట్ల అదే తప్పు. పబ్లిక్ పరీక్షకు ముందే బయటపడింది కాబట్టి సరిదిద్దగలిగాం. బయటపడకపోయి ఉంటే ఆ మార్కులు పోయేవి, ఎవరివల్ల పోయాయో ఆ పిల్లకు తెలిసేది కూడా కాదు.

'అవసరం' నేర్పిన పాఠం

ఇక అనువాదం సంగతి. తమిళం, తెలుగు అక్కచెల్లెళ్ళు కాబట్టి సులువే అనుకుంటారు. ఆ చుట్టరికమే ముంచుతుంది.

తమిళ కాగితంలో 'అవసర సికిచ్చై' అని ఉంది. మాలో ఒకరు దాన్ని 'అవసర చికిత్స' అని రాశారు. చదివితే తెలుగులాగే ఉంది. కానీ తమిళంలో 'అవసరం' అంటే తొందర, ఆపద వేళ. తెలుగులో అవసరం అంటే కావలసి రావడం. మన పాఠకుడు ఆ వాక్యం చూసి "అవసరమనిపిస్తే పోవచ్చులే" అనుకుంటాడు. మూలం చెబుతున్నది "వెంటనే పరుగెత్తండి" అని. మనం రాయాల్సింది 'అత్యవసర చికిత్స'. కన్నడంలోనూ 'అవసర' అంటే తొందరే, కాబట్టి బళ్ళారి, కోలారు మిత్రులు కూడా ఈ మాట దగ్గర ఆగి చూసుకోవాలి. ఇది మా కంట పడింది రెండోసారి చదివినప్పుడే. ఒక్కరమే చేసి, ఒక్కసారే చదివి ఉంటే అచ్చయిపోయేది.

'మయక్కం' ఇంకొకటి. దాన్ని 'మైకం' అంటే తాగినవాడి సంగతిలా ఉంటుంది. కాగితంలోని అర్థం కళ్ళు తిరగడం, స్పృహ తప్పడం. అదే 'మయక్క మరుందు' అయితే మత్తు మందు. ఒకే మాటకు ఒకే కాగితంలో రెండు రకాల తెలుగు కావాల్సి వచ్చింది.

మందుల పేర్లు తమిళ లిపిలో నుంచి ఎత్తి రాయకూడదు. తమిళంలో ప, బలకు ఒకటే అక్షరం. త, దలకూ ఒకటే. మూలం చూసి తెలుగులో రాస్తే మందు పేరు మారిపోతుంది. ఇంగ్లిషు పేరు పంపమని ఆసుపత్రిని అడిగి, దాన్ని చూసి రాశాం.

మోతాదుల దగ్గర వణుకు పుట్టింది. 'అర మాత్ర' అని రాశాం. ప్రెస్సు నుంచి వచ్చిన ప్రూఫులో అది 'ఆర మాత్ర' అయింది. ఇంకొక దీర్ఘమో కొమ్మో అటూ ఇటూ అయితే అది 'ఆరు' అవుతుంది. ఆ రోజు నుంచి మోతాదు అక్షరాల్లోనూ అంకెల్లోనూ రెండు విధాలా రాయడం నియమం పెట్టుకున్నాం. మేము యూనికోడ్‌లో టైపు చేసి పంపితే, ప్రెస్సు వాళ్ళు తమ పాత ఫాంటులోకి మార్చుకున్నారు. ఆ మార్పిడిలోనే ఒత్తులు, గుణింతాలు చెదిరాయి. అందుకే అచ్చు ప్రూఫు మన కంటితో చూడకుండా పని అయిపోయిందని అనుకోకూడదు. ఆ ప్రూఫు గంటలకూ కూలి ముందే మాట్లాడుకోవాలి.

అన్నిటికంటే మేలు చేసింది ఏడో తరగతి పిల్లవాడి అవ్వ. ఆమెకు చదువు రాదు. కాగితాలు చదివి వినిపించి, ఏమి అర్థమైందో చెప్పమన్నాం. 'ఖాళీ కడుపుతో' అని మేము రాసినచోట ఆమె ఆపింది. "పరగడుపునే అని రాయకూడదా అయివారూ?" అంది. పరగడుపు అనే మాట మాకు తెలియక కాదు. తమిళ మూలాన్ని చూస్తూ చూస్తూ మా నోటి మాట మేమే మరిచాం. ఆ సాయంత్రం ఆమె చెప్పిన పదకొండు మార్పులూ కాగితాల్లో చేశాం.

డబ్బు, నియమాలు

డబ్బు పదిహేను రోజుల్లో ఇస్తామన్నారు. 74వ రోజున వచ్చింది. ఎగ్గొట్టలేదు, కానీ మేము అడిగిన ప్రతిసారీ ఇంకొకరిని అడగమన్నారు. మా చేతిలో రాతపూర్వకంగా ఒక్క ముక్క లేదు. అంతా ఫోను మీద నడిచిన వ్యవహారం. ఎవరిని అనాలి?

మాకు తెలిసినంతలో మిత్రులు చూసుకోవాల్సినవి ఇవి.

ఉద్యోగ నియమాలు ముందు చూడండి. విద్యాహక్కు చట్టం 2009లోని 28వ సెక్షను ఉపాధ్యాయులు ప్రైవేటు ట్యూషను చెప్పకూడదంటుంది. అనువాదం ట్యూషను కాదు. కేంద్ర ఉద్యోగుల 1964 ప్రవర్తనా నియమావళిలో 15వ నియమం, డ్యూటీకి భంగం రానంతవరకు అప్పుడప్పుడు చేసే సాహిత్య, కళా, శాస్త్ర సంబంధ పనిని అనుమతి లేకుండా చేసుకోనిస్తుంది. రాష్ట్ర ప్రభుత్వ, ఎయిడెడ్ బళ్ళలో పనిచేసేవాళ్ళకు తమ తమ నియమావళి వర్తిస్తుంది. ఆసుపత్రి కాగితం సాహిత్యమా కాదా అని వాదించుకునే కంటే, హెడ్మాస్టరుకు ఒక ఉత్తరం ఇచ్చి అనుమతి తీసుకోవడం నిబ్బరం. మేము ఆ ఉత్తరం ఇచ్చాం. సరిగ్గా చేసిన పనుల్లో అదొకటి.

మాటల లెక్క దేని మీదో తేల్చుకోండి. ఇంగ్లిషులో 'ఇన్ ద హౌస్' మూడు మాటలు, మనకు 'ఇంట్లో' ఒక్కటే. ఇంగ్లిషు నుంచి చేసే పనిలో తెలుగు మాటలు లెక్కపెడితే మన కూలి బాగా తగ్గుతుంది. మూలంలోని మాటల మీద లెక్క అని ముందే రాయించుకోవాలి.

పన్ను సంగతి. ఒక చోటు నుంచి ఏడాదిలో వచ్చే ఇలాంటి ఫీజు 50,000 రూపాయలు దాటితే ఇచ్చేవాళ్ళు 10 శాతం పన్ను ముందే పట్టుకుంటారు. 2025 ఏప్రిల్‌కు ముందు ఈ హద్దు 30,000. పట్టుకోకపోయినా అది ఆదాయమే, రిటర్నులో చూపాలి. జీతం ఒక్కటే ఉన్నవాళ్ళు వేసే మామూలు ఐటీఆర్-1 ఫారం ఈ ఆదాయం ఉంటే పనికిరాదు. ఆడిటరును ఒకసారి అడగండి.

సరే అనే ముందు

మళ్ళీ ఫోను వస్తే అడగాల్సినవి ఒక అట్ట మీద రాసి స్టాఫ్ రూములో పెట్టుకున్నాం. కాగితాలు ముందు చూపిస్తారా? గడువు ఎందుకు అంత, రెండు వారాలు జరగవచ్చా? రేటు మూలం మీదా, తెలుగు మీదా? ప్రూఫు ఎవరు చూస్తారు, దానికి ఎంత? సగం ముందు ఇస్తారా, మిగతాది ఏ తేదీకి? ఇదంతా ఒక ఈమెయిలులో రాసి పంపుతారా?

ఇవన్నీ వాళ్ళను అడిగేవి. మమ్మల్ని మేము అడుక్కోవాల్సినవి ఇంకో రెండు ఉన్నాయి. ఈ గంటలు ఏ పనిలో నుంచి తీస్తున్నాం? ఆ పని కోసం ఎదురుచూస్తున్నవాళ్ళకు ఈ రోజే చెప్పామా?

జూలైలో మళ్ళీ ఫోను వచ్చింది. ఈసారి ఒక ఎరువుల కంపెనీ, కరపత్రాలు, వారం గడువు. పదాల పుస్తకం చివరి ప్రూఫులు మా బల్ల మీద ఉన్నాయి. ఆగస్టు 15 తరువాతైతే చేస్తామని, పైన చెప్పినవన్నీ రాసి ఈమెయిలు పంపాం. వాళ్ళు వేరేవాళ్ళకు ఇచ్చుకున్నారు. ఆ డబ్బు చేదా అంటే కాదు. కానీ ఆ శనివారాలు ముందే పిల్లలకు ఇచ్చేసినవి.

తల్లిదండ్రులకు ఒక మాట

"తెలుగు మీడియంలో చదివితే ఏమొస్తుంది అయివారూ?" అని మీరు ప్రతి జూన్‌లోనూ అడుగుతారు. 14,400 రూపాయలు వస్తాయని చెప్పి మిమ్మల్ని ఒప్పించబోవడం లేదు. ఒక్క అనువాదం పనితో ఎవరి ఇల్లూ గడవదు. మేము చూసింది ఇంకొకటి. ఆ ఆసుపత్రికి తమిళం వచ్చినవాళ్ళు ఉన్నారు, ఇంగ్లిషు వచ్చినవాళ్ళు ఉన్నారు. తమిళం చదివి, తెలుగులో అవ్వకు అర్థమయ్యేలా రాసేవాళ్ళు దొరకలేదు. 2006లో వచ్చిన తమిళ అభ్యసన చట్టంతో మన పిల్లలకు తమిళం తప్పనిసరి అయింది. దాని మీద మన గోడు మనకుంది, అది వేరే సంగతి. కానీ ఆ తమిళం పక్కన చదవడానికి, రాయడానికి గట్టి తెలుగు కూడా ఉంటేనే అది రెండు భాషల చదువు అవుతుంది. తెలుగు నోటి మాటగానే మిగిలిపోతే ఈ పని మన పిల్లల దగ్గరికి రాదు.

పని ఉండాల్సిన చోట్లు ఇంకా ఉన్నాయి. ఒక ప్రాంతంలో 15 శాతం మించి అల్పసంఖ్యాక భాష వాళ్ళుంటే ముఖ్యమైన ప్రభుత్వ ప్రకటనలు, నియమాలు వాళ్ళ భాషలోనూ ప్రచురించాలన్నది భాషా అల్పసంఖ్యాకుల రక్షణల్లో రాష్ట్రాలు ఒప్పుకున్న మాటే. అడిగేవాళ్ళు ఉండాలి, అడిగినప్పుడు రాసి ఇవ్వగలవాళ్ళూ ఉండాలి.

ఆసుపత్రి పని నుంచి మా పదాల పుస్తకానికి ఒక లాభం కలిగింది. పుస్తకం చివర మూడు పేజీలు కలిపాం. తమిళంలో, తెలుగులో ఒకేలా వినిపించి వేరే అర్థం ఇచ్చే మాటలు అందులో ఉన్నాయి. మయక్కం, మైకం ఉన్నాయి. తమిళంలో 'సంసారం' అంటే భార్య అనే సంగతి చదివి పిల్లలు పడీపడీ నవ్వుతారు. ఆ వరసలో మొట్టమొదటి మాట 'అవసరం'. మీ ఊళ్ళో, మీ రాష్ట్ర భాషలో ఇలాంటి మాటలు మీకు తగిలి ఉంటాయి. కన్నడం పక్కన 'ఊట' ఉంది, అక్కడ భోజనం, మనకు నీటి ఊట. ఒడియా, మరాఠీ పక్కన ఏమున్నాయో అక్కడి ఉపాధ్యాయులు రాసి ఈ పేజీకి పంపండి. రెండో ముద్రణలో కలుపుతాం. తొందరేమీ లేదు. మీ చేతిలో ఉన్న నోటు పుస్తకాలు దిద్దడం అయ్యాకే రాయండి.